తలుపు మూసినవాడి చిరునామా

"ఉల్లిపాయలు అరచేతిలో పెట్టుకుని తరగమంటావా ఏం?" వంటింట్లోంచి అత్తగారు అడిగారు.

కూరగాయలు తరిగే చెక్క భోజనాల బల్ల మీద ఉంది. దాని కింద రెండు తెల్ల కాగితాల మధ్య ఒక పతకపత్రం ఉంది. యుద్ధంలో ఏ నావికుడు ఏ సాహసం చేసినందుకు పతకం ఇచ్చారో రాసి, నౌకాదళం ముద్ర వేసిన కాగితం అది. ఏళ్ళతరబడి చుట్టగా పడి ఉన్నది చదును కావాలంటే బరువు ఉండాలి. ఇంట్లో అంత నున్నటి బరువు మరొకటి లేదు.

"సాయంత్రం ఇచ్చేస్తాను అత్తయ్యా."

"అప్పటిదాకా పొయ్యి నీకోసం కాచుకుని కూర్చుంటుందా? సొంత మేనమామ పుట్టినరోజు గుర్తుండదు గానీ, ఓడల్లో మునిగినవాళ్ళందరూ నీకు చుట్టాలే."

కోడలు నవ్వబోయింది. అంతలో ఫోను మోగింది. ఆమె నంబరు చూసింది. చెక్క తీసి అత్తగారికి ఇచ్చేసి, ఫోను దానంతట అది ఆగేదాకా గోడకు ఆనుకుని నిలబడింది.

పాత సామాన్ల దుకాణాల్లో ఈ పత్రాలు కొనడం, వాటిలో పేరున్న మనిషి తర్వాత ఏమయ్యాడో వెతకడం ఆమె వ్యాపకం. ఒక్కో పత్రానికి ఒక ఫైలు. పతకం వచ్చినవాడి ఫోటోతో పాటు, ఆ రోజు అదే ఓడలో పోయినవాళ్ళ ఫోటోలు కూడా అందులో ఉండాలని ఆమె పట్టుదల. అందుకని పోయినవాళ్ళ ఇళ్ళకు ఉత్తరాలు రాసేది. నమ్మకం కలగడానికి పత్రం నకలు జతచేసేది. అలా ఎంతోమంది సంతోషంగా ఫోటోలు పంపారు.

ఈసారి పత్రాన్ని భూతద్దం పెట్టి చూసింది, సంతకం చూసింది, ముద్ర చూసింది. పోయినవాళ్ళ బిడ్డ కళ్ళతో మాత్రం చదవలేదు. "నీళ్ళు చొరబడుతున్న ఇంజను గది ఉక్కు తలుపును సమయానికి మూసి ఓడను కాపాడినందుకు" అని అందులో ఉంది. ఆ గదిలో ఉండిపోయినవాళ్ళ ఇళ్ళకే నకళ్ళు వెళ్ళాయి. పేలుడుకే పోయారు, బాధేమీ తెలియలేదు అని అప్పట్లో వాళ్ళకు చెప్పారట.

తలుపు మూసినవాడు ఇంకా బతికే ఉన్నాడు, ఈ ఊళ్ళోనే. దీపాలు బాగుచేసే కొట్టు పైన రెండు గదుల్లో ఒంటరిగా ఉంటాడు. నకళ్ళు పంపాక ఆమె వెళ్ళినప్పుడు టీ ఇచ్చాడు. ఆ ఇంట్లో లోపల ఏ గుమ్మానికీ తలుపు లేదు, అన్నిటికీ పరదాలే. వీధి తలుపు కూడా దగ్గరగా వేసి ఉంచుతాడంతే, గడియ పెట్టడు. "అవతలివైపు నుంచి కొట్టారమ్మా. చాలాసేపు కొట్టారు. మా ఆవిడక్కూడా చెప్పలేదీ మాట," అన్నాడు. గడియ లేని ఆ ఇల్లు గుర్తొచ్చినప్పుడల్లా ఆమె లేచి తమ వీధి తలుపు గడియ చూసుకుంటోంది.

ఫోను చేస్తున్నది పోయినవాళ్ళలో ఒకరి కొడుకు. కసురుకోడు, తిట్టడు. "మా నాన్న ఆ గదిలోనే ఉన్నాడండీ. తలుపు మూసినాయన అడ్రసు చెప్పండి," అంటాడు, కూరగాయల ధర అడిగినట్టు. ఆ నెమ్మదే ఆమెకు దడ పుట్టిస్తోంది.

సాయంత్రం అతను రానే వచ్చాడు. ఆమె గొలుసు తీయకుండా తలుపు ఓరగా తెరిచింది. యాభై దాటిన మనిషి, ఇస్త్రీ చొక్కా. ఒక చేతిలో నకలు ఉంది. రెండో చెయ్యి జేబులోంచి బయటికి రాలేదు.

"ఒక్క సంగతి చెప్పండి. లోపలున్నవాళ్ళు తలుపు కొట్టారా? ఆయనకి వినబడిందా?"

"నాకు తెలియదండీ," అంది.

అతను ఆమె ముఖంలోకి చూశాడు. "తెలుసు మీకు. రేపు మళ్ళీ వస్తాను. మీరు చెప్పకపోయినా వెతుక్కుంటాను. పెద్ద ఊరేం కాదుగా." నకలును మడత మీద మడత పెట్టుకుంటూ మెట్లు దిగిపోయాడు. ఆమె గడియ పెట్టి, కుర్చీ అడ్డం లాగి, దాని మీదే కూలబడింది.

భోజనాల దగ్గర జరిగిందంతా చెప్పింది. భర్త చెయ్యి కంచంలోనే ఆగింది. "కొరివితో తల గోక్కోవడమంటే ఇదే. పోలీసులకి చెప్దాం. ఆ ఫైళ్ళన్నీ అటక మీద పడెయ్."

"పోలీసులకేం చెప్తార్రా?" అన్నారు అత్తగారు. "తండ్రి ఎలా పోయాడని కొడుకు అడిగాడనా?"

"వాడి జేబులో ఏముందో ఎవరికి తెలుసమ్మా?"

కోడలు కంచం పక్కకు జరిపింది.

"పొద్దున్నే ముందు ఆ పెద్దాయన దగ్గరికి వెళ్తాను," అంది. "మీ సంగతి బయటపెట్టింది నేనేనని చెప్తాను. ఆయన ఒప్పుకుంటే ఆ కొడుకుని నేనే వెంటబెట్టుకు వెళ్ళి, వాళ్ళిద్దరి మధ్యా కూర్చుంటాను. ఒప్పుకోకపోతే ఆయన్ని మనింటికి తీసుకొస్తాను, ముందు గదిలో పక్క వేద్దాం. నాకు భయంగానే ఉందండీ. అయినా వెళ్తాను."