అక్కమ్మ రాయికి గ్రాంటు

రోడ్డు వెడల్పు చేసేవాళ్ళు వచ్చి మా మోపురాయి మీద ఎర్ర రంగుతో అడ్డగీత గీసిపోయిన రోజున, ఊళ్ళో ఎవడికీ అన్నం సయించకుండా పోలేదు. నాకొక్కడికే పోయింది.

బైరెడ్డిపల్లె నుంచి మా ఎర్రమిట్టపల్లెకు వచ్చే దారిలో, సరిగ్గా మా చేను గట్టు పక్కన ఉంటుందది. రెండు నిలువు రాళ్ళు, వాటిమీద అడ్డంగా ఒక బండ. మనిషి భుజమంత ఎత్తు. గడ్డిమోపో కట్టెలమోపో తలమీద పెట్టుకుని వచ్చేవాళ్ళు, ఇంకొకరి చేయి సాయం లేకుండా బరువు దాని మీదికి జరిపి, కాస్త ఊపిరి తీసుకుని, మళ్ళీ తలకెత్తుకుని పోవచ్చు. మా తాతకు అక్క ఒకామె ఉండేది, అక్కమ్మ. కడుపుతో ఉండగానే పోయింది. తన బరువు దించుకోకుండానే పోయిన మనిషి పేరిట పదిమంది బరువు దించే రాయి నిలపడం మా వైపు పాత ఆచారం. అట్లా నిలిపిన రాయి. ఇప్పుడు గడ్డి మోపెడ్ మీద వస్తోంది, కట్టెల పొయ్యి పోయి గ్యాసు వచ్చింది. రాయి మాత్రం ఉంది.

రోడ్డు ఇంజనీరు దగ్గరికి పోతే, "కల్వర్టు కింద వేసేస్తాం" అన్నాడు. ఎవరైనా పెద్ద సంస్థవాళ్ళు ఇది కాపాడవలసిందని రాసిచ్చి, జరిపే ఖర్చు పెట్టుకుంటే అప్పుడు చూద్దామన్నాడు. ఊళ్ళో చందా అడిగాను. జాతరలో ఆర్కెస్ట్రాకైతే జేబులు వాటంతటవే తెరుచుకుంటాయి. రాయికి తెరుచుకోలేదు.

బెంగళూరు ట్రస్టు ఒకటి ఊళ్ళలోని పాత గుర్తులకు గ్రాంటు ఇస్తోందని పుంగనూరు సంతలో ఎద్దులు చూడబోయినప్పుడు విన్నాను. నేను ఏడో తరగతిలో బడి మానేసినవాణ్ణి. కాబట్టి మా మాజీ సర్పంచ్ మునిరత్నం ముందు నడిచాడు, నేను వెనక నడిచాను. లోకం అట్లాగే ఉంటుంది.

మదనపల్లెలో ఒక హాల్లో మమ్మల్ని కూర్చోబెట్టి మాట్లాడించారు. ట్రస్టు తరఫున వసుధ అనే ఆమె వచ్చింది. మనిషి నెమ్మది, ప్రశ్న మాత్రం సూటి.

"ఆ రాయిని ఇప్పుడు ఎవరైనా వాడుతున్నారా? జనం వదిలేసినదానికి మేము ఇవ్వమండీ. వాళ్ళ బతుకులో ఇంకా ఉన్నదానికే ఇస్తాం."

"వాడకుండా యాడ పోతారు మేడం, దినామూ వాడతాండారు" అన్నాడు మునిరత్నం, కన్ను కూడా ఆర్పకుండా.

"అయితే వచ్చి చూస్తాం" అందామె.

తిరుగు బస్సులో నేను ఊరుకోలేకపోయాను. "ఎవురు వాడతాండారప్పా? నువ్వా, నేనా?"

"ఆ పొద్దుకు వాడతారులే. నువ్వు గమ్మునుండు."

"అక్కమ్మ సంగతి చెప్పింటే అయిపోయేది గదా."

"కడుపుతో సచ్చినామె కథ సదువుకున్నోళ్ళకు సెప్పేదా? మూఢనమ్మకమని రాసుకోని పోతారు. నువ్వు నోరు తెరిస్తే వచ్చేది గూడా రాదు నారాయణస్వామీ."

నిజానికి ఊళ్ళో కూడా ఆ పేరు ఎవరూ గట్టిగా అనరు. కడుపుతో ఉన్నవాళ్ళ చెవిన పడకూడదంటారు.

వసుధ మేడం వచ్చిన గురువారం పొద్దున మా ఊరి ఆడవాళ్ళను చూడాలి. పెళ్ళికి కట్టే పట్టుచీరలు కట్టుకుని, తలమీద గడ్డిమోపులతో వరసగా వస్తున్నారు. మోపులు మలుపు దాకా మోపెడ్ల మీద వచ్చాయి, అక్కడి నుంచి తలలమీదికి ఎక్కాయి. మునిరత్నం వేపచెట్టు చాటున నిలబడి ఒక్కొక్కరినీ వదులుతున్నాడు. ఒకామె దించే లోపలే ఇంకొకామె వచ్చి, "జరగుమే, నా మెడ ఇరిగిపోతాండాది" అని గొణుగుతోంది. సరోజమ్మ తలమీద చుట్టకుదురుగా పెట్టుకున్న తువ్వాలుకు అంగడివాళ్ళ ధరచీటీ ఇంకా వేలాడుతూనే ఉంది.

వసుధ మేడం కాసేపు చూసింది. "మదనపల్లె బస్టాండులో కూడా ఇంత రద్దీ చూడలేదండీ" అంది.

నవ్వలేదు. దానికే నాకు భయం వేసింది. చేతిలోని పుస్తకం మూసి సంచిలో పెట్టేసుకుంది. "రాయి బాగుందండీ. మేము ఇంకో ఊరికి పోవాలి."

అయిపోయిందనుకున్నాను. కల్వర్టు కింద అక్కమ్మ, పైన ఇసుక లారీలు.

అప్పుడే ఊళ్ళో నుంచి ఆటో వచ్చి ఆగింది. ముందు మా పక్కింటి రెడ్డెమ్మ దిగింది, తరువాత ఆమె కోడలు రేవతి. రేవతికి తొమ్మిదో నెల. పుట్టింటికి, కుప్పానికి, ప్రయాణం.

మునిరత్నం పరుగెత్తాడు. "ఈ పొద్దు ఎవురూ ఆటోల్లో ఈ దారిన రావద్దని సెప్పినా గదమ్మే."

"నువ్వు సెప్తే పంచాంగం మారతాదా అప్పా?" అంది రెడ్డెమ్మ. "ఈ పొద్దు దాటితే మల్ల మంచిరోజు లేదు. పక్కకు జరుగు."

రేవతి ఎవరినీ చూడలేదు. చీరలో కట్టిన చిన్న మూటను రెండు చేతులా తెచ్చి బండ మీద పెట్టింది. చేతులు వదిలేసింది. "అక్కమ్మా, నా బరువు కొంచేపు నువ్వు పట్టుకో" అంది, పక్కనున్నవాళ్ళకు మాత్రమే వినబడేటట్టు. తరువాత రాయి చుట్టూ నిదానంగా నడిచి అవతలి వైపు నుంచి మూట తీసుకుంది.

"అక్కమ్మ ఎవరు?" అని వసుధ మేడం అడిగింది.

అందరూ నేల చూశారు. మునిరత్నం నన్ను చూసి తల అడ్డంగా ఊపాడు. నేను అతన్ని చూడనట్టే నిలబడి చెప్పాను.

"మా తాతోళ్ళ అక్క, మేడం. కడుపుతో పొయింది. ఆమెకోసరం నిలిపిన రాయి ఇది. ఈ ఆడోళ్ళు మోపులు మోసేది మానేసి శానా కాలమాయ. ఈ పొద్దు మీకోసరం మోసినారు. రేవతి వచ్చింది మీకోసరం కాదు."

వసుధ మేడం రేవతి వైపు తిరిగింది. "చదువుకున్నదానిలా ఉన్నావు. ఇదంతా నమ్ముతావా?"

"బీకామ్ చేసినా మేడం. నమ్మకమో కాదో నాకు తెల్దు. కుప్పంలో డాక్టరమ్మ స్కానింగ్ తీసి అంతా బాగుండాదనింది. అయినా రాత్రుళ్ళు భయమే. ఇప్పుడు మూట పెట్టి చేతులు వదిలినప్పుడు, ఒక్క నిమిషం ఆ భయం నా దగ్గర లేదు. అంతే."

సరోజమ్మ తలమీది మోపును దబ్బున కింద పడేసింది. "నేనూ పెట్టినా మేడం, మా లోహిత్ కడుపులో ఉన్నప్పుడు. మా ఇంటాయనకు గూడా తెల్దు" అంది. ఆమె వెనక ఇంకొకామె, "నేను రెండుతూర్లు." మోపులు ఒక్కొక్కటే రోడ్డు మీద పడ్డాయి. బెంగళూరులో కాపురం ఉంటూ కాన్పుకు ముందు కారులో వచ్చి పెట్టిపోయినవాళ్ళు కూడా ఉన్నారట. మగవాళ్ళం నోరు తెరుచుకుని విన్నాం. మా కళ్ళ ముందే, మాకు తెలియకుండా, ఊరిలో సగం, తల్లులు ఆ బండ మీద మూట దించాకే పుట్టింది.

వసుధ మేడం పుస్తకం మళ్ళీ బయటికి తీసింది. రోడ్డు మీద పడిన గడ్డిమోపు మీదే కూర్చుని రాసుకుంది.

గ్రాంటు వచ్చింది. ఉత్తరం చూపిస్తే ఇంజనీరు చెప్పినమాట తప్పలేకపోయాడు. రాయిని మా చేనులోకి జరిపేటట్టు తీర్మానమైంది. జాగా నేనే ఇచ్చాను. పిచ్చోడన్నారు. నాకేమీ కొత్త పేరు కాదు.

నిలిపే రోజున గొలుసులు, కప్పీలు, మోకులు అన్నీ వచ్చాయి. మోకు మగవాళ్ళే పట్టుకోవాలన్నాడు మునిరత్నం. "ఇన్నాళ్ళూ దాంతో పని మాది. లాగేది మీరా?" అని రెడ్డెమ్మ మోకు లాక్కుంది. ఆమె వెనక ఆడవాళ్ళంతా బారు కట్టారు. పలమనేరు బస్సు ఆగిపోయింది. కండక్టరు దిగి విసుక్కుంటూ వచ్చి, సంగతి విని, టికెట్ల మిషను డ్రైవరుకిచ్చి మోకు పట్టుకున్నాడు. అతని వెనక బస్సులోని జనం దిగారు. డప్పులవాళ్ళను ఎవరు పిలిచారో తెలియదు, వాళ్ళూ వచ్చేశారు.

బండ గాలిలోకి లేచింది. ఇంజనీరు దాని కిందికి వచ్చి ఫోనులో ఫోటో తీసుకుంటున్నాడు.

"పక్కకు జరగండి సార్" అన్నాను. "మా అవ్వ వస్తాండాది."

జరిగాడు. బండ వచ్చి, ముందే పాతిన నిలువు రాళ్ళ మీద కూర్చుంది. డప్పుల్లో, బస్సు హారన్లో, ఆడవాళ్ళ కేకల్లో నాకు ఇంకేమీ వినబడలేదు. దగ్గరికి పోయి ఒక చేత్తో నెట్టి చూశాను. తరువాత రెండు చేతులతో, భుజం ఆనించి, ఉన్న బలమంతా పెట్టి నెట్టాను.

వెంట్రుకవాసి కూడా కదల్లేదు.