కట్టింది ఇప్పేస్తాం

గంగాధరప్ప నేతలో ఎంత గట్టివాడో అనుమానంలో అంతకు రెండింతలు. ధర్మవరంలో మగ్గం గుంతలో కాళ్ళు పెట్టి కూర్చుంటే, ఒక్క పోగు తెగినా చేతికి తెలిసిపోతుంది. పెళ్ళాం మనసులో ఏముందో మాత్రం నోరు తెరిచి అడగడు. అడిగితే చిన్నతనమట! దొంగచాటుగా చూస్తే పెద్దరికం కాబోలు.

చూశాడు మహానుభావుడు. హేమావతి స్నానానికి పోయినప్పుడు ఆమె వాట్సాప్‌ను తన ఫోన్‌కు కలుపుకున్నాడు. ఆమె ఎక్కడుందో తెలిసేలా లొకేషన్ కూడా పెట్టుకున్నాడు.

ఆదివారమైతే చాలు, "హిందూపురంలో అక్కను సూసొస్తా" అని ఆమె రైలెక్కుతుంది. ఆ ఆదివారం ఫోన్‌లో ఆమె జాడ చూపే చుక్క మాత్రం పెనుకొండలోనే దిగిపోయింది. ఊరి బయట, కొండ కింద, చేన్ల నడుమ ఆగింది. గంగాధరప్ప మగ్గం ఆపేశాడు. ఆ తరవాతి శనివారం, "S" అని రాసుకున్న నంబరు నుంచి ఆమెకు మెసేజ్ వచ్చింది: "రేపు కట్టింది ఇప్పేస్తాం. బయపడాకు. నేనుండా గదా."

కట్టింది! మూడు ముళ్ళు వేసి కట్టింది తాను. విప్పడానికి వీడెవడు? హేమావతి వెళ్ళిపోతే తన బతుకేమిటని తలుచుకుంటే ఏడుపొచ్చింది పాపం, అది మాత్రం నిజం.

ఆదివారం ఆమె ఎక్కిన రైలే, వేరే పెట్టెలో ఎక్కాడు. పెనుకొండలో దిగి, చుక్కను పట్టుకుని, వేరుశనగ చేని గట్టు వెంబడి ఒక తోట గేటు దాటి లోపలికి పోయాడు. పంపు గది గోడ చాటు నుంచి తొంగిచూశాడు.

ఇల్లంత వెడల్పున రాతి బావి. నీళ్ళలో నలుగురైదుగురు ఆడవాళ్ళు. గట్టు మీద అరవై దాటిన ఒక ముసలామె. ఆమె ముందు చుడీదార్లో హేమావతి. హేమావతి వీపున ఎండు బెండ్ల కట్ట ఉంది, కొత్తగా ఈత నేర్చేవాళ్ళు మునిగిపోకుండా కట్టేది.

"ఈ పొద్దు కట్టు ఇప్పేస్తాండా హేమా. దుంకు!" అని ముసలామె తాడు లాగేసింది.

"షంషాద్‌బీ, కాళ్ళు వణుకుతాండాయి!"

"వణకనీలే. దుంకు!"

దూకింది. అమ్మో! నీళ్ళు ఆమె మీద మూసుకున్నాయి. వాన నీళ్ళు వాకిట్లో నిలిస్తేనే గడప దాటని మనిషి ఆమె! అవతలి గట్టు దగ్గర తల పైకి వచ్చింది. జుట్టు విదిలించి, బావి అంతా మోగేలా నవ్వింది. ఆ నవ్వు అతను ఎన్నడూ వినలేదు. ఇంత మనిషా తన ఇంట్లో ఉండేది! చేతులెత్తి మొక్కాలనిపించింది. అలాగే గోడ చాటు విడిచి బయటికి వచ్చేశాడు.

"ఎవురప్పా అది? ఆడోళ్ళుండారు ఈడ!" అని షంషాద్‌బీ గద్దించింది.

హేమావతి నవ్వు ఆగిపోయింది. నీళ్ళోడుతూ మెట్లెక్కి వచ్చింది. "నేనీడుండానని నీకెట్ల తెలిసె?"

అబద్ధం నోటికి రాలేదు. ఫోన్ చాపాడు. తన మాటలన్నీ మొగుడి ఫోన్‌లో చూసుకుని, ఆమె దాన్ని తిరిగి అతని చేతిలో పెట్టేసింది.

"హేమా, నువ్వు దుంకితే నాకు దేవుణ్ణి సూసినట్లయింది."

"సూసేదానికి నిన్నెవురు పిలిసిరి?" అందామె. గొంతులో కోపం లేదు, అదే అతన్ని భయపెట్టింది. "ఇంట్లో అన్నీ నీవీ నావీ. ఇదొక్కటి నాది అనుకుంటి. దీన్ని గూడా తీసుకుంటివి."

"తప్పయిపాయ. ఇంటికొస్తావా?"

ఆమె తిరిగి నీళ్ళలోకి దూకింది.

ఆమె పైకి తేలి చూస్తుండగానే గంగాధరప్ప ఆ మెసేజ్‌లనూ చుక్కనూ తన ఫోన్‌లోంచి తీసేసి, గేటు బయటికి వచ్చి, గోడకు వీపు ఆనించి కూర్చున్నాడు. లోపల నీళ్ళ చప్పుడు, ఆడవాళ్ళ కేకలు. వాటిలో ఆమె నవ్వు ఉందో లేదో తెలియలేదు. తొంగిచూడాలని ప్రాణం కొట్టుకుంది. చూడలేదు.