అవ్వల దారి మంచు

రాత్రంతా కురిసిన మంచు తెల్లవారేసరికి కిటికీ గట్టుదాకా లేచింది. మంచుచరియలు మనుషుల మీద పడకముందే కూలగొట్టడానికి పై కొండల్లో పేలుస్తున్న మందుగుండు చప్పుడు లోయంతా దొర్లుతోంది. బుర్గి ఒళ్లో పాలు తాగుతున్న పిల్లాడు ఉలిక్కిపడ్డాడు. ఆమెకు మాత్రం ఆ చప్పుడు వింటే కాలు నిలవదు.

పిల్లాడు పుట్టాక ఇంత మంచి మంచు పడడం ఇదే మొదలు. స్నేహితులు గెబ్‌హార్డ్, రోస్విత, ఫెర్దల్‌తో కలిసి బడి రోజుల నుంచీ మంచు మీద స్కీలతో ఆమె జారి దిగని కొండ ఆర్ల్‌బెర్గ్‌లో లేదు. ఈ చలికాలం మాత్రం వాళ్లు ఆమెను పిలవడమే మానేశారు. నిన్న తనే ఫోన్ చేసి వస్తున్నానని చెప్పింది. ఈరోజు కూడా ఆగిపోతే ఆ నలుగురిలో తన చోటు పోయినట్టే. ఆగే ఉద్దేశం ఆమెకు లేదు. పిల్లాణ్ని అత్తగారి చేతుల్లో పెట్టి, స్కీలు భుజాన వేసుకుని బయలుదేరింది.

కుర్చీల్లో కొండపైకి తీసుకెళ్లే లిఫ్టు దగ్గర ఫెర్దల్ ఊరుకోలేదు.

"ఏమే, పిల్లాడి తోపుడుబండి ఎక్కడ పెట్టొచ్చావ్?"

"కిందే ఉంచాన్లే. నీకు మోకాళ్లు నొప్పెడితే ఎక్కుదువుగాని."

వాళ్ల గురి శిఖరం వెనకనున్న పెద్ద గిన్నెలాంటి లోయ మీద. అటువైపు కాపలా ఉండదు, మందుగుండు పేల్చరు. అందుకని అంచు దాటేముందు అందరి బీప్ పెట్టెలూ చూసుకోవడం వాళ్ల అలవాటు. మంచు కింద కూరుకుపోయిన మనిషి ఎక్కడున్నదీ పట్టిచ్చేది ఆ పెట్టే. పైకి చేరాక గెబ్‌హార్డ్ తన పెట్టె పట్టుకుని ముందు నిలబడ్డాడు. రోస్విత అతని పక్కనుంచి వెళ్లింది, పెట్టె కూసింది. ఫెర్దల్ వెళ్లాడు, మళ్లీ కూసింది. బుర్గి వెళ్లింది. చప్పుడు లేదు. వెనక్కి వచ్చి మళ్లీ వెళ్లింది. లేదు.

తన పెట్టె మూత తీసి చూస్తే బ్యాటరీల చోటు ఖాళీ. పక్కగదిలో పిల్లాడి ఏడుపు వినిపించే యంత్రం రాత్రి ఆగిపోతే వీటిని తీసి దానిలో వేసింది. పొద్దున తిరిగి పెట్టుకోవాలన్నది పాల హడావుడిలో మరిచిపోయింది.

ముగ్గురి దగ్గరా పెట్టెలున్నాయి కదా, నువ్వు మధ్యలో రా అని రోస్విత మెల్లగా అంది. గెబ్‌హార్డ్ ఆకాశంకేసి చూశాడు. ఇలాంటి రోజున ఎవరూ ఎవరికోసమూ ఆగరు. అందుకు ఎవరినీ తప్పుపట్టరు కూడా.

"వద్దు, మీరెళ్లండి," అంది బుర్గి. "నేను కూరుకుపోతే ఎక్కడని తవ్వుతారు? ఇంట్లో వాడికి మధ్యాహ్నం పాలెవరిస్తారు?"

ముగ్గురూ అంచు దాటి మాయమయ్యారు.  బుర్గి తల తిప్పి ఇవతలివైపు చూసింది.

లిఫ్టు కిందుగా పాతదారి ఒకటి ఉంది. మందుగుండు పేల్చి, కాపలావాళ్లు చూశాకే దాన్ని తెరుస్తారు గనక అక్కడ పెట్టె అక్కర్లేదు. మంచును చదును చేసే బండి దాని మీదికి రాదు. మొదట్లో మరీ వాలు తక్కువని కుర్రకారు దాన్ని అవ్వల దారి అని వెక్కిరిస్తారు. కిందటేడు కడుపుతో ఉన్నప్పుడు, స్కీలు కట్టలేక లిఫ్టులో కూర్చుని బుర్గి ఎన్నోసార్లు దాన్ని పైనుంచి చూసింది. మలుపు దాటాక వాలు నిట్టనిలువుగా పడుతుంది. గాలి సోకని చోటు, మంచు గట్టిపడదు.

వెళ్లింది. మలుపు దాటగానే మంచు తొడలదాకా వచ్చింది. స్కీలు ఎక్కడున్నాయో కనబడవు, బరువు తెలియదు. పొడి లేచి మొహాన్ని కప్పి మళ్లీ వదిలింది. కాళ్లు ఏమీ మరిచిపోలేదు. తనను అడగకుండానే వంగుతున్నాయి, లేస్తున్నాయి. కిందికి వచ్చి తలెత్తి చూస్తే వాలంతటి మీదా ఒక్కటే గీత, అదీ తనదే.

మళ్లీ లిఫ్టు దగ్గరికి వచ్చేసరికి మిగతావాళ్లు అక్కడున్నారు. అవతల గాలికి మంచు అప్పడంలా బిగిసిందట, స్కీ పెడితే విరుగుతోందట. ఫెర్దల్ ఆమె జడకేసి చూశాడు. జడ కనబడడం లేదు, అంతా మంచే.

"ఎక్కడ దొర్లావే?"

"అవ్వల దారి."

"అవ్వల దారా?"

"నవ్వుకో. నేను మళ్లీ వెళ్తున్నా."

అతను నవ్వలేదు. నలుగురూ ఒకే కుర్చీలో పైకి వెళ్లారు. దారిలో ఆమె గీత కిందనుంచి సాగిపోతుంటే రోస్విత ఒరిగి చూస్తూనే ఉంది. పైన దిగి బూట్లు బిగించుకున్నాక ముగ్గురూ వాలు మొదట్లో ఆగి ఆమెకు దారిస్తూ పక్కకి జరిగారు. గెబ్‌హార్డ్ కర్రతో ముందుకు చూపించాడు.

బుర్గి కళ్లద్దాలు దించుకుని ముందు దిగింది.