చక్కెర పాలు

తోటమాలి గులాబీ ఆకును తిప్పి చూశాడు. పైన బూడిద తెగులు సున్నం చల్లినట్లే ఉంది. అడుగున చీమలు బారు కట్టాయి. నిన్న ఉదయం తెగులుకు మందుగా పలుచని పాలు పిచికారీ చేసినప్పుడు ఒక్క చీమ లేదు. అనుమానం వచ్చి ఆకు కొనను నాలుకకు తాకించుకొని, నడుము పట్టుకొని లేచాడు.

ఆసుపత్రి వంటింటి కిటికీ అవతల అతని చెల్లెలు టీ కాస్తోంది.

“ఏమే, చక్కెర పోసిన పాలిచ్చావా?”

“టీకి కాచినవి మిగిలితే ఇచ్చా. నీ గులాబీలకు షుగరుందని నాకేం తెలుసన్నయ్యా?”

అతనికి నవ్వు రాలేదు. మధ్యాహ్నం సూపరింటెండెంటు వచ్చి చూస్తారు. తెగులు తగ్గకపోతే పొదలన్నీ పెరికించి, ఆ స్థలంలో సిమెంటు పోయించి స్కూటర్లు పెట్టిస్తామని ఆమె ముందే చెప్పారు.

స్ట్రెచర్లు మోసి మోసి భుజాలు వంగిపోయాక అతనికి ఈ తోట అప్పగించారు. వార్డు కిటికీలలోంచి రోగులు పూలను మెచ్చుకొనేవారు. నీళ్లు పోసే మనిషిని ఎవరూ గమనించేవారు కారు. అందుకతడు నొచ్చుకోలేదు. కొమ్మలు కత్తిరించేటప్పుడు తప్ప ఎవరికీ నొప్పి కలిగించి ఎరుగడు.

తెగులు ముదిరిన ఆకులను గిల్లి, నేలపాలు కానీయకుండా సంచిలో వేశాడు. మిగిలినవాటిని ఒక్కొక్కటిగా తడిగుడ్డతో తుడిచాడు. ఎండ నడినెత్తికెక్కింది. ముల్లు దిగినా వేలు వెనక్కు తీయలేదు.

చెల్లెలు ఈసారి పాలు తానే రుచి చూసి, నీళ్లు కలిపి తెచ్చింది.

“ఎండలో తిరగొద్దని గుండె డాక్టరు చెప్పాడా లేదా? నీడకు రా.”

“ఇదొక్క పొద. అరిచి నా ప్రాణం తీయకే.”

అతడు చేతులు కడుక్కోవడానికి పంపు దగ్గరికి వెళ్లాక సూపరింటెండెంటు వచ్చారు. కళ్లద్దాలు సవరించుకొని ఒక్కొక్క పొద ముందు వంగారు. తెగులు పూర్తిగా పోలేదు. కొత్త చిగుళ్లు మాత్రం శుభ్రంగా ఉన్నాయి. చెల్లెలు కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నిలబడింది.

“సరే, ఉండనివ్వండి. పూలు పూయకపోతే మీ అన్నయ్యనే అడుగుతాను.”

ఆమె అటు వెళ్లగానే చెల్లెలు పంపు దగ్గరికి పరుగెత్తింది. అక్కడ అతడు గోడకు ఆనుకొని కూర్చున్నాడు. తల ఒక పక్కకు వాలింది. బట్టతల ఎండకు కమిలి ఎర్రబడింది.

“అన్నయ్యా, ఉంచుతారట!”

భుజం తాకింది. ముక్కు దగ్గర వేలుంచి చూసింది. మళ్లీ పిలవలేదు.

నెత్తిన ఎప్పుడూ ఉండే తువ్వాలు లేదు. అది తోట చివర, అన్నిటికన్నా లేత మొక్క చుట్టూ గుచ్చిన పుల్లల మీద, తడి చిగుళ్లు మాడకుండా పరిచి ఉంది.