సోములమ్మ తల్లి పేరు

గురువారం విచారణ కోసం అచ్చియమ్మ చెయ్యవలసిన పనులు చాలా ఉన్నాయి. ఆ రోజు ఇడ్లీ దుకాణం లేదని బస్టాండులో వాళ్ళకు చెప్పాలి. పెంచుకున్న పిల్ల ఓణీ ఉతికి ఆరెయ్యాలి. బడికి పోయి హెడ్మాస్టరు దగ్గర రిజిస్టరు నకలు తీసుకోవాలి. తొలి బస్సుకు సాలూరు నుంచి కొండెక్కాలి. తాసిల్దారు ఎదుట నిలబడి, ఈ పిల్ల ఎవరి కూతురో చెప్పాలి.

బుధవారం మధ్యాహ్నానికి కొండ కింద పనులన్నీ అయిపోయాయి. ఏం చెప్పాలో మాత్రం తేలలేదు.

తొమ్మిదేళ్ళ కిందట ఆమె మొగుడు వరహాలరావు కొండ రూటు బస్సులో కండక్టరు. ఒకనాడు కొండ మీది జాతాపు తెగకు చెందిన ఐదేళ్ళ పిల్లను చంకనేసుకుని ఇంటికొచ్చాడు. తండ్రి గాసి, తల్లి ఒకే జ్వరంలో పోయారు. పిల్లలు లేని ఇల్లేమో, సోములమ్మ అనే ఆ పిల్లకు అచ్చియమ్మ సరళ అని పేరు మార్చి మరీ పెంచుకుంది. బడిలో చేర్చేటప్పుడు వరహాలరావు ప్రేమకొద్దీ తండ్రి పేరు దగ్గర తన పేరు, కులం దగ్గర తన కులం రాయించాడు. అది తప్పని ఎవరికీ తోచలేదు. ఆయనా పోయి రెండేళ్ళయింది.

ఇప్పుడు గాసి పల్లపు మడిని సాలూరు వ్యాపారి తాతారావు దున్నించుకుంటున్నాడు. గాసి తనకిచ్చేశాడనీ, అడగడానికి వారసులెవరూ లేరనీ అతని వాదన. కూతురుందని ఊరివాళ్ళు తాసిల్దారుకు అర్జీ పెట్టారు. పెట్టించింది ఈశ్వరమ్మ.

ఈశ్వరమ్మ పేరు వింటేనే అచ్చియమ్మకు కడుపు మండేది. ఆమె పిల్లకు సొంత పిన్ని. ప్రతి సంతకూ కొండ దిగి, విస్తళ్ళు కుట్టే అడ్డాకుల కట్ట దించి, కొంగులోంచి ఏ సీతాఫలమో తీసి పిల్ల చేతిలో పెట్టేది. పండు మీద కాదు అచ్చియమ్మ ఏడుపు. ఇద్దరూ తమ కువి భాషలో మాట్లాడుకుంటూ ఉంటే ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. తన దగ్గర ఎన్నడూ నవ్వని నవ్వు నవ్వేది పిల్ల.

"ఏటే, అంత నవ్వు? నాకూ సెప్తే నానూ నవ్వుతాను కదా," అంది ఒకసారి.

"ఏటీ లేదమ్మా. మా అమ్మ సిన్నప్పుడు పందికి బయపడి సెట్టెక్కి, దిగడం రాక ఏడ్సిందట."

మా అమ్మ. ఎదురుగా పిండి రుబ్బుతున్న మనిషిని అమ్మా అని పిలిచిన నోటితోనే ఆ మాట కూడా.

చచ్చినదాని మీద అసూయ పడడం సిగ్గుమాలిన పనని అచ్చియమ్మకు తెలియక కాదు. బతికున్న సవతితోనైతే జుట్టూ జుట్టూ పట్టుకోవచ్చు. ఈమెకు వయసు రాదు. పిల్లను ఎన్నడూ తిట్టి ఉండదు. "ఇకమీదట ఆయమ్మ పేరు నా ముందు ఎత్తకు," అంది ఆ రోజే. పిల్ల మళ్ళీ ఎత్తలేదు.

బుధవారం సాయంత్రం తాతారావు వచ్చి అరుగు మీద కూచున్నాడు.

"అబద్దం ఆడమన్లేదు అప్పా. పెంచినామె తల్లి కాదేటి? రిజిస్టర్లో ఉన్నదే సెప్పు. కాదన్నావా, పిల్ల ఆ పిన్ని సెయ్యట్టుకుని కొండెక్కీస్తాది. నీకు ఇడ్లీ పాత్ర మిగుల్తాది."

"నీకు మడి మిగుల్తాది," అంది అచ్చియమ్మ.

"మరేటి, ఇద్దరికీ మంచిదే కదా."

ఎందుకు చెబుతున్నాడో తెలిసినా, ఆ మాట ఆమె చెవికి తియ్యగానే తగిలింది.

మర్నాడు కొండ మీద బడి వరండాలో బల్ల వేసుకుని కూచున్నాడు తాసిల్దారు. చుట్టూ ఊరివాళ్ళు చేరారు, ఒక పక్క తాతారావు కూచున్నాడు. బస్సు దిగగానే పిల్ల ఈశ్వరమ్మ పక్కకు వెళ్ళి నిలబడింది. ఈశ్వరమ్మ ఆమె జడ మీది దుమ్ము దులిపింది. ఆ జడ అల్లింది అచ్చియమ్మ. ఇక రిజిస్టర్లో ఉన్నదే చెప్పాలని తేలిపోయిందనుకుంది.

"ఈ అమ్మాయి మీ కూతురేనా అమ్మా?" నకలు చూస్తూ అడిగాడు తాసిల్దారు.

ఆమె నోరు తెరిచేలోగా పిల్ల అంది: "బాబూ, నన్ను కూడా అడగండి."

"నువ్వు మైనరువి. పెంచినవాళ్ళు చెప్పాలి."

అచ్చియమ్మకు చివుక్కుమంది. ఇంతమంది ఆ పిల్ల కోసమే చేరారు, పిల్లను అడిగినవాడు లేడు. నిన్ను ఏ పేరుతో పిలవమంటావే అని తనూ తొమ్మిదేళ్ళలో అడగలేదు.

"ముందు ఆ గుంట మాట రాసుకోండి బాబూ. తరవాత నాను సెప్తాను."

తాసిల్దారు కలం ఎత్తాడు.

"నా పేరు సోములమ్మ. మా నాన్న గాసి. మా అమ్మ..." అని పిల్ల ఆగిపోయింది. అచ్చియమ్మ వైపు చూసింది. వద్దన్న మాట ఇక్కడ కూడా దాటలేదు.

"సుక్రి," అంది అచ్చియమ్మ. "ఆళ్ళమ్మ పేరు సుక్రి. నాను కనలేదు బాబూ, పెంచాను. బళ్ళో అలా రాయించడం మాదే తప్పు. కొట్టీయండి."

తాతారావు లేచి వెళ్ళిపోయాడు. ఎవరి దగ్గర ఉంటావని తాసిల్దారు ఈసారి పిల్లనే అడిగాడు.

"సదువయ్యేదాకా అమ్మ దగ్గర. సెలవులకి పిన్ని దగ్గర."

మరుసటి ఏడు మడి సోములమ్మ పేర వచ్చింది. సెలవులొచ్చినప్పుడల్లా అచ్చియమ్మ జడ అల్లి, కడుపు మండుతూనే ఆమెను కొండ బస్సు ఎక్కించేది. పట్టా కాగితంలో సోములమ్మ పేరుంది, గాసి పేరుంది, సుక్రి పేరుంది. ఎప్పుడైనా అలాంటి కాగితం మీ చేతికొస్తే, అందులో పేరు లేని అచ్చియమ్మను ఒక్కసారి తలుచుకోండి.