చూసుకుని దిగండి

నరకంలో నోళ్ళన్నీ నేనే గీశాను. మా స్టూడియోలో నా పని అదే, బొమ్మల చేత మాట్లాడించడం. ముందు మాట రికార్డు చేస్తారు. ఆ మాట చెవిలో పెట్టుకుని, సెకనుకు ఇరవై నాలుగు ముక్కలు చేసి, ఏ ముక్కకి పెదాలు ఎలా ఉండాలో నేను గీస్తాను. ‘మ’ అంటే పెదాలు కలవాలి, ‘ఆ’ అంటే దవడ దిగాలి. పన్నెండేళ్ళుగా ఇదే పని. ఇంట్లో పోట్లాడుకునేటప్పుడు కూడా నేను తన మాట వినకుండా మూతి చూస్తూ కూర్చుంటానని మా ఆయన గోల.

ఈసారి మేం సినిమాగా తీస్తున్నది నరకం మీద రాసిన ఓ పాత కావ్యం. బళ్ళో అందరం నాలుగు పద్యాలు బట్టీ పట్టినవాళ్ళమే, మిగతాది చదివినవాళ్ళు మాత్రం నాకు ఇంతవరకు తగల్లేదు. అందులో నరకం ఏడంతస్తులు. గొలుసులకి వేలాడే ఇనప బోనులో పాపుల్ని ఎక్కించుకుని కావలివాడు కిందికి దింపుతుంటాడు. ఒక్కో అంతస్తు రాగానే “నీ చోటు వచ్చింది, దిగు” అని ఉరుముతాడు. కావ్యంలో అతనికున్న మాటలు అంతే. కానీ సినిమా మొదటి నుంచి చివరిదాకా తెర మీద ఉండేది అతనే. అందుకని అతనికి మాత్రం నోటితో పాటు కళ్ళు కూడా నాకే అప్పగించారు.

మా దర్శకుడికి మేం పెట్టుకున్న పేరు ‘మళ్ళీ’. ఏం చూపించినా అతని నోట వచ్చే మొదటి మాట అదే. కావలివాడి గొంతుకి ఓ పెద్ద నటుణ్ణి మొదట్లోనే మాట్లాడుకున్నారు. ఆయనకి ఎనిమిది నెలలదాకా తీరిక లేదు. అందాకా చేతులు ముడుచుకుని కూర్చోలేం కదా. ఎవరో ఒకరి చేత ఆ మాటలు చెప్పించి, వాటికి బొమ్మలు గీసేసి, ఆయన వచ్చాక అసలు గొంతు అతికిస్తాం. ముందు చెప్పించినదాన్ని మాలో మేం ఉత్తుత్తి గొంతు అంటాం.

“ముసలి గొంతు కావాలి. మీ ఇంట్లో ఎవరైనా ఉన్నారా?” అన్నాడు మా మళ్ళీ.

ఉన్నారు, మా మామగారు. పెద్దాసుపత్రిలో ముప్ఫై ఒక్క ఏళ్ళు లిఫ్టు నడిపి రిటైరయ్యారు. మీట తిప్పితే కదిలి, చేత్తో లాగితే తలుపు తెరుచుకునే పాత లిఫ్టు. అన్నిటికన్నా పైన పురుళ్ళ వార్డు, అన్నిటికన్నా అడుగున శవాల గది. మనిషి ఎక్కగానే మొహం చూసి ఎన్నో అంతస్తో చెప్పేసేవాణ్ణని ఇప్పటికీ గొప్పలు పోతుంటారు.

ఆ మధ్యాహ్నం ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చారు. చేతికిచ్చిన కాగితం చదివి, కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని, “ఈ ‘దిగు’ అనడం నా వల్ల కాదు బాబూ,” అన్నారు. “పాపులైతే మీకు. నాకు లిఫ్టెక్కినవాళ్ళు.”

మా మళ్ళీ నావైపు చూశాడు. ఎలాగూ ఉత్తుత్తిదే కదా, కానీయమని సైగ చేశాను.

మైకు ముందు ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. మాట మరిచిపోయారేమోనని పక్కనుంచి అందించబోయాను. అప్పుడన్నారు. “వచ్చేశామండీ. చూసుకుని దిగండి.”

అందులో ఉరుము లేదు. ఓదార్పూ లేదు. శవాల గదికి దిగేవాళ్ళతో అన్నేళ్ళూ మాట్లాడిన గొంతు అది. మా మళ్ళీ చెవులకున్న హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టి, “చాలండీ,” అన్నాడు. అతని నోట ఆ మాట వినడం అదే మొదలు. మర్నాటికల్లా కావలివాడి మాటలన్నీ ఆయన చెప్పిన తీరుకి మార్చి రాసేశాడు.

నేను చేసిన పాపం ఇక్కడే ఉంది. ఈ గొంతు తర్వాత తీసేస్తారని మామగారికి చెప్పలేదు. ముందు చెబితే రారేమోనని చెప్పలేదు. తర్వాత ఆ మొహంలో వెలుగు చూసి చెప్పలేకపోయాను. తెల్లారేసరికి పార్కులో తనతో నడిచే ఐదుగురికీ చెప్పేశారు. ఆ వారం మంగలికీ, పళ్ళ డాక్టరుకీ, మెట్లు తుడిచే ఆవిడకీ తెలిసిపోయింది. ఐదుగురూ మా ఇంటికి టీకి వచ్చినప్పుడల్లా నరకం కబుర్లే. “మా కోడలు పట్టుబట్టి తీసుకెళ్ళింది. నాకేం వచ్చని,” అంటూ మొదలుపెట్టి కథంతా చెప్పేవారు. నేను టీ కప్పులు అందిస్తూ ఓ నవ్వు నవ్వి ఊరుకునేదాన్ని. గొంతు పాడవుతుందని ఆయన చల్లటి నీళ్ళు మానేశారు. పొద్దున్నే ఉప్పునీళ్ళు పుక్కిలించే చప్పుడు వినిపిస్తే నాకు నిద్రలోనే గుండె గుభేలుమనేది.

కావ్యంలో ఐదో అంతస్తు, నోరు విప్పాల్సిన చోట విప్పనివాళ్ళది. వాళ్ళ నోళ్ళు కదలవు. నాకు పెద్దగా పని లేని అంతస్తు అదొక్కటే. మూసుకున్న మూతులు వరసగా గీసుకుంటూ పోతూ, వీటిలో ఒకటి నాదే అనుకునేదాన్ని. అనుకుని ఇంటికెళ్ళి ఎప్పట్లాగే నోరు మూసుకునేదాన్ని.

ఎనిమిది నెలలూ గడిచాయి. పెద్ద నటుడు వచ్చే తేదీ ఖాయమైంది. ఇక తప్పించుకునే దారి లేక, ఓ ఆదివారం మధ్యాహ్నం మామగారు వంటింటి బల్ల దగ్గర బఠాణీలు ఒలుస్తుంటే ఎదురుగా కూర్చుని మొత్తం చెప్పాను. మీ గొంతు అందరికీ నచ్చింది మామయ్యా, కానీ ఒప్పందం ముందే అయిపోయింది, మా చేతుల్లో లేదు అన్నాను.

ఆయన చేతిలో ఉన్న కాయ ఒలవడం పూర్తి చేశారు.

“నీకు మొదటి రోజే తెలుసా?”

“తెలుసు మామయ్యా.”

“తీసేస్తే తీసేశారు. అది కాదమ్మా. నేను వాళ్ళందరికీ చెబుతుంటే నువ్వు పక్కనే ఉండి విన్నావు.”

సిగ్గుతో చచ్చిపోయాను. ఆయన లేచి చేతులు కడుక్కుని గదిలోకి వెళ్ళారు. మిగిలిన బఠాణీలు నేనే ఒలిచాను.

ఆ రోజు నుంచి ఆయన నాతో మాట్లాడటం మానేశారు. కోపంగా ఏమీ కాదు, అన్నం మామూలుగా తినేవారు, నా బట్టలు కూడా ఆరేసేవారు. నేను ఎదురుగా నిలబడి ఉన్నా మా ఆయనతో, “మీ ఆవిణ్ణి అడుగు, ఇస్త్రీ పెట్టె ఎక్కడ పెట్టిందో,” అనేవారు. మా ఆయన నావైపు తిరిగి అదే మాట అప్పజెప్పేవాడు. నేను చెప్పింది అటు తిరిగి అప్పజెప్పేవాడు. నాలుగు రోజులకే అతని తల ప్రాణం తోకకొచ్చింది. పార్కు స్నేహితులకి మామగారు నిజం చెప్పారో లేదో తెలియలేదు. వాళ్ళని నేను అడగలేను, ఆయన చెప్పరు.

పెద్ద నటుడు వచ్చాడు. మంచి మనిషే, గొంతు కంచుగంట. చిక్కల్లా ఎక్కడంటే, మామగారు మాటకు ముందు ఆగినంతసేపు ఆయన ఆగలేకపోయాడు. ఆగమంటే ఆ ఖాళీలో ఓ నిట్టూర్పో, ఓ దగ్గో పెట్టేసేవాడు. లేకపోతే ముందే మాట్లాడేసేవాడు. కావలివాడు నోరు తెరవకముందే మాట వచ్చేసేది, మాట అయిపోయాక తీరిగ్గా నోరు తెరిచేవాడు. రెండు రోజులు అలాగే నడిచింది. మా మళ్ళీ నలభైసార్లు ‘మళ్ళీ’ అన్నాడు. మూడో రోజు నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి, “మీ మామగారు ఒక్కసారి వస్తారా?” అన్నాడు.

నేను ఒంటికాలి మీద లేచాను. “అక్కర్లేదన్నవాళ్ళు ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని రమ్మంటారు?” అని ఎడాపెడా దులిపేశాను. అతను తల వంచుకుని విన్నాడు. విన్నాక, “నిజమే, కానీ వస్తారా?” అన్నాడు. తిట్టాల్సింది నన్ను నేనని అప్పటికి నాకూ తెలుసు.

ఇంటికెళ్ళి మామగారి ఎదురుగా నిలబడి అడిగాను. మీ బదులు చెబుతున్నాయనకి ఎలా చెప్పాలో మీరే నేర్పాలి మామయ్యా, రానంటే తప్పు పట్టను అన్నాను. ఆయన పేపరు మడిచి మా ఆయనవైపు తిరిగి, “ఎన్నింటికి రావాలో కనుక్కో,” అన్నారు.

మర్నాడు అదే ఇస్త్రీ చొక్కా. పెద్ద నటుడు కుర్చీలోంచి లేచి నమస్కారం పెట్టాడు. మామగారు ఆయన్ని తిరిగి కూర్చోనివ్వలేదు.

“కూర్చుని చెప్పే మాట కాదండీ ఇది. ఎడం చెయ్యి మీట మీద ఉందనుకోండి. కుడి చెయ్యి తలుపు మీద. ఇప్పుడు లిఫ్టు ఆగింది. ఆగాక కూడా ఓ క్షణం ఊగుతుంది. అది సర్దుకునేదాకా తలుపు తియ్యకూడదు. మనిషి కూడా అంతే, చోటు వచ్చిందని తెలిశాక ఓ క్షణం ఊగుతాడు. అప్పుడేమీ అనకూడదు.”

పెద్ద నటుడు గాల్లో తలుపు పట్టుకుని నిలబడ్డాడు.

“ఇంకా ఊగుతోంది,” అన్నారు మామగారు. కాసేపటికి, “ఇప్పుడు,” అన్నారు.

“వచ్చేశామండీ. చూసుకుని దిగండి,” అన్నాడు పెద్ద నటుడు. తెర మీద కావలివాడి పెదాలు ఆ మాటతోనే తెరుచుకుని ఆ మాటతోనే మూసుకున్నాయి.

“చెప్పేటప్పుడు వాళ్ళ మొహం చూడాలా?” అని అడిగాడాయన.

“వద్దండీ. మొహం చూస్తే వాళ్ళకి ఇబ్బంది. కాళ్ళు చూడాలి, గడప తట్టుకోకుండా.”

నేను మొత్తం సినిమాలో కావలివాడి చూపు పాపుల మొహాల మీద పెట్టి గీశాను. ఆ మాట వినగానే ఎవరినీ అడక్కుండా నా బల్ల దగ్గరికి వెళ్ళి, మొదటి అంతస్తు నుంచి ఆ కళ్ళు కిందికి దించడం మొదలుపెట్టాను. పదకొండు రోజులు పట్టింది. అన్ని రోజులూ ఇంట్లో మా ఆయన రాయబారం నడుస్తూనే ఉంది.

సినిమా పూర్తయ్యాక మా వాళ్ళందరికీ ఓ ఉదయం ఆట వేశారు. హాలు ఓ పెద్ద భవనంలో మూడో అంతస్తులో ఉంది. మామగారితో పాటు పార్కు స్నేహితులు ఐదుగురూ దువ్వుకున్న తలలతో దిగారు. నలుగురిలో ఆయన తల వంచుకోవాల్సి వస్తే, అది నా మూలంగానే.

సినిమా సాగినంతసేపూ నేను తెర చూడలేదు. వరసలో చివరి కుర్చీలో ఉన్న మామగారినే చూశాను. కావలివాడు ఆగినప్పుడల్లా ఆయన కుడి చెయ్యి కుర్చీ పిడి మీద బిగుసుకునేది. మాట వచ్చాక వదులయ్యేది.

బయటికి రాగానే, వాళ్ళలో లెక్కల మాస్టారుగా పని చేసినాయన ఉండబట్టలేక అడిగేశాడు. “అదేమిటండీ, గొంతు మీది కాదే?”

నేను ముందుకు వచ్చాను. తప్పు నాదని ఐదుగురి ముందూ చెప్పేద్దామని నోరు కూడా తెరిచాను. మామగారు చెయ్యి అడ్డం పెట్టి ఆపేశారు.

“గొంతు ఆయనది,” అన్నారు. “ఆగడం నాది.”

మాస్టారు ఓ నిమిషం లెక్క వేసుకుని, “అక్కడే కదండీ నాకు ఏడుపొచ్చింది,” అన్నాడు. మిగతా నలుగురూ తలలూపారు.

అందరం లిఫ్టెక్కాం. మీటా, జాలీ తలుపూ లేని కొత్తరకం లిఫ్టు. అయినా మామగారు ఎవరూ చెప్పకుండానే బటన్ల పలక పక్కకి వెళ్ళి, గోడకి వీపు ఆనించి నిలబడ్డారు. స్నేహితులని ఒక్కొక్కరినే ఎక్కడికని అడిగారు. అందరూ కిందికే. చివరికి నావైపు తిరిగారు. రెండు నెలల తర్వాత, మధ్యలో మా ఆయన లేకుండా.

“నువ్వెక్కడికమ్మా?”

“కిందికే మామయ్యా,” అన్నాను.

లిఫ్టు కిందికి వచ్చి ఆగింది. తలుపులు వాటంతటవే తెరుచుకోబోతుంటే ఆయన అరచెయ్యి అడ్డం పెట్టి ఓ క్షణం అలాగే ఆగారు. నేను కళ్ళు తుడుచుకునేదాకా ఆగారు. తర్వాత నా మొహంకేసి కాకుండా నా కాళ్ళకేసి చూస్తూ, “వచ్చేశాం,” అన్నారు. “చూసుకుని దిగమ్మా.”