లేని తమ్ముడి కిర్రుచెప్పులు

కోటేశ్వరమ్మ శోకం మొదలుపెడితే పాడె మీద ఉన్నవాడు కూడా ఇంకాసేపు విని పోదామనుకుంటాడని ఊళ్లో వేళాకోళం ఆడేవాళ్లు. ఆడితే ఆడారు గానీ, ఎవరింట్లో చావు జరిగినా మొదటి కబురు ఆవిడకే. ఏడవడం అందరికీ వచ్చు. శోకానికి మాత్రం మాటలు కావాలి. పోయినవాడు ఏం తినేవాడు, ఎలా నడిచేవాడు, ఎవరి మీద అలిగేవాడు, అన్నీ వరసపెట్టి రాగం మీద చెప్పుకోవాలి. అద్దంకి చుట్టుపక్కల ఆ విద్యలో ఆవిడని మించినవాళ్లు లేరు. మిగతా రోజుల్లో మామూలు మనిషే. మిరపకాయలకి తొడిమలు తీసే పనికి పోయి, మండే చేతులతో ఇంటికొచ్చి పొయ్యి వెలిగించుకునే మనిషి.

అంతకుముందు ఏడు పచ్చపురుగు పత్తిని తినేసింది. పత్తితో పాటు కొందరు రైతుల్నీ తీసుకుపోయింది. ఆ ఏడంతా కోటేశ్వరమ్మ గొంతుకి తెరిపి లేదు. అలాంటి మనిషిని పట్టుకుని, చావు లేకుండానే ఏడవమని అడిగినవాడు త్యాగరాజు.

త్యాగరాజు సినిమాలకి చప్పుళ్లు చేసే ఆయన. చప్పుళ్లు పట్టుకోవడానికని ఊరి బయట పత్తి మిల్లుకి ఒక టేపు పెట్టె, పొడుగాటి మైకు పట్టుకుని వచ్చాడు. మిల్లు కాపలాదారు అంకమ్మరావు కోటేశ్వరమ్మ మొగుడు. అతని నోట్లో నువ్వుగింజ నానదు. ఇంటావిడ గొప్పంతా మొదటిరోజే చెప్పేసి, రెండోరోజు ఆవిణ్ణే వెంటబెట్టుకు వెళ్లాడు.

వాళ్లు వెళ్లేసరికి త్యాగరాజు మైకు ముందు ఎండు పత్తికట్టెలు ఫటఫటా విరుస్తున్నాడు.

"హీరో కొడితే ఎముకలు విరిగే చప్పుడమ్మా ఇది," అన్నాడు నవ్వుతూ. తర్వాత గుప్పెడు ఎండు మిరపకాయలు నలిపి, ఇల్లు తగలబడే చప్పుడన్నాడు. ఆ వెంటనే ఊపిరాడకుండా తుమ్మాడు. పొరుగూరివాళ్లకి మా మిరపకాయ చేసే మర్యాద అది.

"షూటింగులో పట్టిన చప్పుళ్లు పనికిరావు. అన్నీ ఇలా విడిగా పట్టి, తర్వాత బొమ్మకి అతికిస్తాం. మా దగ్గర ఏడ్చేవాళ్లూ ఉన్నారు గానీ, వాళ్లు ఏడిస్తే మైకు కోసం ఏడ్చినట్టే ఉంటుంది. మీరు ఒక్కసారి ఏడ్చిపెట్టాలి," అన్నాడు.

ఇంట్లో కోటేశ్వరమ్మ తల్లి సుబ్బరావమ్మ ఒప్పుకోలేదు. "చావు లేకుండా శోకం పెడతారుటే? అది ఎవరో ఒకరిని వెతుక్కుంటుంది," అంది.

కోటేశ్వరమ్మకీ భయమే. కానీ సినిమా అనే మాటకి లొంగనివాళ్లు ఎవరు? పైగా ఆవిడ తన తెలివి తాను వాడింది. ఏడ్చేది ఇంట్లో కాదు, మిల్లులో. మొగుడి మీద ఏడవదు, తల్లి మీద అసలే ఏడవదు. తనకి లేని వరస ఏదా అని చూసుకుంది. తమ్ముడు! సుబ్బరావమ్మ మగపిల్లాడి కోసం సింగరాయకొండ నరసింహస్వామికి ఎన్ని ముడుపులు కట్టినా, కోటేశ్వరమ్మ తర్వాత ఆ కడుపు పండలేదు. లేనివాడి మీద ఏడిస్తే ఎవరికి నష్టం?

దూది నిలవ చేసే గదిలో కూర్చోబెట్టారు. చుట్టూ కప్పుదాకా దూది. దుమ్ము పడుతుందని అందరి చెప్పులూ గుమ్మం బయటే విడిపించారు. ఇక్కడయితే గొంతు గోడలకి తగిలి మోగదని, గొంతు ఒక్కటే నిక్కచ్చిగా పడుతుందని త్యాగరాజు సంబరపడ్డాడు. కోటేశ్వరమ్మకి మాత్రం అదేదో తేడాగా ఉంది. నోట్లోంచి మాట వెళ్తోంది గానీ తిరిగి తన చెవికి రావడం లేదు. ఎవరో అవతల నిలబడి, ఒక్కో మాటా అందుకుని దాచుకుంటున్నట్టుంది.

"ఓ నా తమ్ముడో... ఎడంచేత్తో ముద్ద కలిపితే అమ్మ మొట్టేది గదరా నా తమ్ముడో... గిన్నె అడుగు మాడంటే నీకిష్టమని గోకి దాచేదాన్ని గదరా... నీ కిర్రుచెప్పుల చప్పుడు వీధి మొదట్లోనే వినపడేది గదరా... ఇప్పుడెవరొచ్చారని నేను తలుపు తీసేది నా తమ్ముడో..."

అన్నీ అప్పటికప్పుడు నోటికి వచ్చినవే. ముగించేసరికి త్యాగరాజు కళ్లు తుడుచుకుంటున్నాడు. కోటేశ్వరమ్మ కళ్లు పొడిగానే ఉన్నాయి. అందుకు ఆవిడ కొంచెం గర్వపడింది కూడా.

సినిమా అద్దంకి వచ్చింది. హాల్లో కొత్తగా గోడల పొడుగునా స్పీకర్లు బిగించారు. ఇంటిల్లిపాదీ వెళ్లారు. తెర మీద హీరో స్నేహితుడి శవం చుట్టూ జనం. ఉన్నట్టుండి హాలు వెనక గోడలోంచి "ఓ నా తమ్ముడో" అని వినపడింది. సగం హాలు వెనక్కి తిరిగి చూసింది. కోటేశ్వరమ్మ కూడా తిరిగింది, తన గొంతే అయినా. ఆ శోకం అడుగున ఇంకో చప్పుడు. కిర్రు, కిర్రు. ఎవరో తోలుచెప్పులేసుకుని, తొందర లేకుండా కుర్చీల మధ్య నడిచి వస్తున్నట్టు.

సుబ్బరావమ్మ కూతురి మణికట్టు పట్టుకుంది. సినిమా అయ్యేదాకా వదల్లేదు.

బస్సు దిగి ఇంటికి నడుస్తుంటే అడిగింది. "ఎడంచేతివాటం అని నీకెవరు చెప్పారే?"

"ఎవరు చెప్తారు? నోటికొచ్చింది."

"మా నాన్నది ఎడంచేతివాటం. నువ్వు పుట్టకముందే పోయాడాయన."

మర్నాటి నుంచి ముసలావిడ రోజూ మ్యాట్నీకి పోవడం మొదలుపెట్టింది. సినిమా ఎత్తేశాక ఇంట్లో కూర్చుని అన్నం గిన్నె అడుగు గోకి పక్కన పెట్టడం మొదలుపెట్టింది. "వాడు రానీ, తింటాను," అనేది. వాడు ఎలా వస్తాడు? పొద్దుపోయేదాకా చూసి, కూడు ముట్టకుండా పడుకునేది. మనిషి రోజురోజుకీ చిక్కిపోయింది.

"అమ్మా, వాణ్ణి నేను కల్పించానే! అబద్ధమే!" అని కోటేశ్వరమ్మ లబోదిబోమంది.

"కల్పిస్తే మాత్రం? నేను కనాల్సినవాణ్ణి నువ్వు నోటితో కన్నావు. కన్నాక లేడంటే ఎట్లా?"

అమ్మని ఏమనగలదు? సాయంత్రం దీపాలు పెట్టే వేళకి వీధి మొదట్లో కిర్రు, కిర్రుమని తనకీ వినపడుతోందాయె. చప్పుడు వాళ్ల గుమ్మం దాకా వచ్చి ఆగేది. తలుపు తీస్తే ఎవరూ ఉండరు. అంకమ్మరావుకి ఏమీ వినపడేది కాదు. అతనికి తన మాటలు తప్ప ఏవీ వినపడవు లెండి.

ఇలాగే సాగితే తల్లి దక్కదని కోటేశ్వరమ్మకి అర్థమైంది. త్యాగరాజు గుంటూరు వచ్చి, బ్రాడీపేటలో చుట్టాలింట్లో దిగాడని తెలిసి, బస్సెక్కి వెళ్లింది.

"ఆ శోకం తీసెయ్యండి బాబూ," అని చేతులు జోడించింది.

ఆయన నొచ్చుకున్నాడు. "ఎలా తీస్తానమ్మా? ఎన్ని ఊళ్లకి వెళ్లిందో ఆ సినిమా. రేపు టీవీలోనూ వస్తుంది. ఒకసారి అతికించాక విడదీయడం నా చేతుల్లో లేదు."

"పోనీ ఆ చెప్పుల చప్పుడన్నా తీసెయ్యండి. మీరు చేసిందే కదా. దాంతోనే మా అమ్మ వాడున్నాడని నమ్మేసింది."

త్యాగరాజు లోపలికెళ్లి టేపు పెట్టె తెచ్చాడు. హెడ్‌ఫోన్ దిప్పలు ఆవిడ చెవులకి తనే పెట్టాడు.

"మీరు చెప్పుల మాట అన్నారు కదా, ఆ చప్పుడు చేద్దామని పాత తోలుసంచి ఒకటి తడిపి ఉంచుకున్నానమ్మా. అవసరం పడలేదు. వినండి."

తన శోకం. అది ఆగిపోయాక దూదిగది నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో కిర్రు, కిర్రు, దూరం నుంచి దగ్గరికి. మైకు దాకా వచ్చి ఆగింది.

"బయట ఎవరో తిరిగారనుకుని, బాగుంది కదా అని శోకం అడుగున వాడుకున్నాను," అన్నాడు. ఆ రోజు చెప్పులన్నీ గుమ్మం బయట ఉన్నాయని, అందరూ గదిలోనే ఉన్నారని ఇద్దరికీ గుర్తుంది. ఆవిడ దిప్పలు తీసి ఆయన చేతిలో పెట్టి, మంచినీళ్లు కూడా తాగకుండా బయల్దేరింది.

మిరపకాయలు కళ్లాల్లో ఎండే రోజుల్లో సుబ్బరావమ్మ పోయింది. మాడు గిన్నె మంచం పక్కనే ఉంది.

ఊరంతా వచ్చి వాకిట్లో కూర్చుంది. ఇన్ని చావులకి ఏడ్చిన మనిషి కన్నతల్లికి ఎలా ఏడుస్తుందో వినాలని అందరికీ ఉంది. కోటేశ్వరమ్మ మాత్రం నోరు తెరవడానికి భయపడింది. తన నోటి మాటే ఇంత చేసింది. ఇప్పుడు ఇంకేం చేస్తుందో? చాలాసేపు తల్లి పాదాల దగ్గర ఊరికే కూర్చుంది. గుమ్మం దగ్గర కిర్రుమంది. అప్పుడు శోకం ఎత్తుకుంది.

"ఓ నా అమ్మో... వాణ్ణి గుమ్మంలో నిలబెట్టి ఎక్కడికి పోతున్నావే నా తల్లీ... నీకోసమే వచ్చాడు గదే, నీతో తీసుకుపోవే... చెయ్యి పట్టుకుని నడిపించవే, దారి తెలియని పిల్లాడే నా అమ్మో... ఎడంచేత్తో తిన్నా మొట్టొద్దే... మాడు పెట్టవే, కడుపునిండా పెట్టవే... నీ కొడుకుని నీకు ఒప్పజెప్పానే నా తల్లీ..."

వాకిట్లో ఆడవాళ్లు మొహమొహాలు చూసుకున్నారు. సుబ్బరావమ్మకి కొడుకెక్కడ? కానీ ఆ శోకం విని గుండె పట్టుకోనివాళ్లు లేరు.

పాడె లేచింది. మోసేవాళ్లందరివీ ఒట్టి కాళ్లే. వాళ్ల వెనకాల కిర్రు, కిర్రుమంటూ ఒక జత చెప్పులు వాకిలి దాటి, వీధి మలుపు తిరిగి, మెల్లగా దూరమైపోయాయి. కోటేశ్వరమ్మ ఒక్కతే విన్నది.

ఆ తర్వాత సాయంత్రాలు వీధి ఊరికే ఉండేది. చప్పుడు లేదు, ఆగడం లేదు. పీడ పోయిందని ఊపిరి పీల్చుకోవాల్సిన మనిషి, దీపం పెట్టాక పని లేకపోయినా గుమ్మంలో నిలబడేది.

ఒకరోజు పనిలో పడి అన్నం అడుగంటింది. గిన్నె గోకి, మాడు పక్కన పెట్టి, తలుపు తీసి కూర్చుంది. ఎదురింటివాళ్ల టీవీలో సినిమా వస్తోంది. వెనక గోడలు లేవు, గొప్ప స్పీకర్లు లేవు. ఆ చిన్న పెట్టెలోంచి సన్నగా "ఓ నా తమ్ముడో" అని తన గొంతు వినపడింది. ఆవిడ చెవులు రిక్కించింది. శోకం ఒక్కటే ఉంది. దాని అడుగున చెప్పుల చప్పుడు లేదు.

కోటేశ్వరమ్మ కళ్లలోంచి నీళ్లు దిగాయి. పెద్దగా ఏడుద్దామని నోరు తెరిచింది గానీ మాట ఒక్కటీ రాలేదు. ఆ రోజు దూదిగదిలో మాటలన్నీ వాడేసుకుంది. ఒడిలో మాడు గిన్నె పెట్టుకుని, తమ్ముడు పోయిన అక్క అలాగే కూర్చుండిపోయింది.